గోబర్ గ్యాస్, సోలార్ మోటారు, డ్రిప్పు, కొర్రల మిషను: పదేళ్ల వాడకం తర్వాత

కదిరి పక్క పల్లెలో మాకు ఐదెకరాల చేను, నాలుగు ఆవులు, ఒక బోరు ఉన్నాయి. ఇంట్లోకి కావలసింది వీలైనంత ఇక్కడే పండించుకోవాలి, బయట కొనేది తగ్గించుకోవాలి అని మొదలుపెట్టి పదేళ్లు దాటింది. అప్పటినుంచీ ఇంట్లో తెగని చర్చ ఒకటే: ఏ యంత్రాన్ని రానివ్వాలి, దేన్ని వద్దనాలి? ప్రకృతి వ్యవసాయం చేస్తూ మిక్సీ ఎందుకని అడిగే చుట్టాలున్నారు. సోలార్ పెట్టుకుంటే ఇక ఎవరి గుమ్మం తొక్కనక్కర్లేదని చెప్పే స్నేహితులూ ఉన్నారు. వాడుతూ వాడుతూ నాకు మూడు ప్రశ్నలు మిగిలాయి. దాన్ని నడపడానికి కావలసింది మన దగ్గరే దొరుకుతుందా? ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు? దాని చాకిరీ ఇంట్లో ఎవరి మీద పడుతుంది?

మా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు గోబర్ గ్యాస్‌కే వేస్తాను. మాది దీనబంధు రకం, రెండు ఘనపు మీటర్లది. ఆఫ్‌ప్రో అనే సంస్థ 1984లో తెచ్చిన నమూనా ఇది. ఇటుకలు, సిమెంటుతో భూమిలో గుమ్మటంలాగా కట్టేస్తారు. అంతకు ముందు ఖాదీ కమిషన్ ప్రచారం చేసిన రకంలో పైన ఇనుప డ్రమ్ము తేలుతూ ఉండేది, గ్యాస్ చేరేకొద్దీ అది పైకి లేచేది. గ్యాస్ ఎంత ఉందో కంటికి కనిపించడం ఆ రకంలో ఉన్న సుఖం. కానీ ఇనుము తుప్పు పడుతుంది, రంగులు వేయిస్తూ ఉండాలి, డ్రమ్ము మార్చాల్సి వస్తే పెద్ద ఖర్చు. దీనబంధులో కదిలే భాగమే లేదు. కట్టేటప్పుడు మాత్రం ఆ పని తెలిసిన మేస్త్రీ కావాలి. గుమ్మటానికి సన్న పగులు వచ్చినా గ్యాస్ నిలవదు.

లెక్క చెప్తాను. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. ఆవుకు రోజుకి పది కిలోల పేడ అనుకుంటే, రెండు ఘనపు మీటర్లకు 50 కిలోలు, అంటే ఐదు పశువులు ఉండాలి. మావి నాలుగే. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ దాదాపు 0.43 కిలోల సిలిండర్ గ్యాస్ చేసే పని చేస్తుంది. ఆ ప్రకారం ప్లాంటు పూర్తిగా నడిస్తే నెలకు పాతిక కిలోల పైచిలుకు, అంటే 14.2 కిలోల సిలిండర్లు రెండింటికి కొంచెం తక్కువ. అది కాగితం మీది లెక్క. మాకు ఎండాకాలంలో రెండు పూటల వంటా, టీలూ, పశువుల కుడితీ అంతా దాని మీదే అయిపోతాయి. పుష్యమాసం చలిలో సాయంత్రం అన్నం ఉడికేలోపే మంట తగ్గుతుంది. అందుకని సిలిండర్ ఒకటి మూలన ఉంచుకున్నాం. దాన్ని పూర్తిగా వదిలేయాలన్న పంతం మాకు లేదు.

మంట ఎగిరెగిరి పడుతుంటే గ్యాస్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు పైపులో నీళ్లు చేరడమే కారణం. ఈ గ్యాసులో తేమ ఎక్కువ, రాత్రి చల్లబడగానే నీరై పైపు వంగిన చోట నిలిచిపోతుంది. మా మేస్త్రీ పైపు మొత్తంలో పల్లంగా ఉన్న చోట మూడు వైపులా నోరున్న T ఆకారపు అతుకు ముక్క బిగించి, దాని కింద చిన్న కుళాయి పెట్టాడు. "వారానికోసారి తిప్పుక్కా, అప్పుడు నిప్పు మాత్రం దగ్గర పెట్టుకోవద్దు" అన్నాడు. తిప్పితే గుక్కెడు మురికి నీళ్లు, కుళ్లిన గుడ్ల వాసనతో బుడబుడమని వస్తాయి. కుళాయి కట్టేసి, వాసన పోయాక పొయ్యి వెలిగిస్తే నీలం మంట నిలువుగా లేస్తుంది. ఇన్నేళ్లలో దీనికి నేను నేర్చుకున్న పెద్ద రిపేరు ఇదే. రెండోది, బర్నర్ రంధ్రాలు పూడుకుపోతే సన్న తీగతో పొడవడం. సిలిండర్ పొయ్యి దీనికి పనికిరాదు. ఒత్తిడి తక్కువ కాబట్టి వెడల్పు జెట్ ఉన్న బర్నరే కొనాలి.

గ్యాస్ ఇచ్చాక బయటికి వచ్చే జారుడు పేడ, అంటే స్లర్రీ, నా దృష్టిలో గ్యాస్‌కి ఏమాత్రం తీసిపోదు. ఈగలు ముసరవు, పచ్చిపేడ వాసన ఉండదు, కలుపు విత్తనాలు బాగా తగ్గుతాయి. పిడకలు చేసి కాలిస్తే పేడలోని నత్రజని పొగలో పోతుంది. ఇక్కడ వంటా అవుతుంది, ఎరువూ చేనుకు చేరుతుంది. మేము టమాటా మళ్లకీ గడ్డి మడికీ కాలువ నీళ్లలో కలిపి వదులుతాం.

ఇక చాకిరీ సంగతి. రోజూ పొద్దున పేడలో గడ్డిపోచలూ రాళ్లూ ఏరి, అంతే నీళ్లు పోసి, దోసెల పిండిలా జారేదాకా కలపాలి. మా ఇంట్లో అది మా ఆయన పని. నేను వంట మొదలుపెట్టేసరికి తొట్టి ఖాళీ అయి ఉంటుంది. దీన్ని చిన్న విషయమనుకోకండి. చేతినిండా పనులున్న ఇంటి ఆడమనిషి మీదే ఇది కూడా పడితే, ప్లాంటు ఎంత మంచిదైనా ఆమెకు అది బరువే. మా చుట్టుపక్కల మూలపడ్డ గోబర్ గ్యాసులు కొన్ని ఉన్నాయి. ట్రాక్టర్ వచ్చి ఎద్దులు పోయాయి, తర్వాత ఆవులు అమ్మేశారు. పశువులు లేనింట్లో గుమ్మటం ఎంత గట్టిగా ఉండీ ప్రయోజనం లేదు.

ఈ విషయంలో నాకెంతో గౌరవం ఉన్న ఊరు కర్ణాటకలో తుమకూరు జిల్లా పురా. బెంగళూరు ఐఐఎస్సీ అనే సైన్సు సంస్థలో అమూల్య రెడ్డి అనే శాస్త్రవేత్త పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 1974లో మొదలుపెట్టిన అస్త్ర బృందం అక్కడ ఊరుమ్మడి గోబర్ గ్యాస్ కట్టింది. ముందు వంటకే అనుకున్నారు. ఊళ్లో ఉన్న పేడ అందరి వంటకీ చాలదని తేలింది. అప్పుడు అదే గ్యాసుతో ఇంజను నడిపి, ఇళ్లకు దీపాలూ కుళాయి నీళ్లూ ఇచ్చారు. 1987 నుంచి ఏళ్లపాటు అలా నడిచింది. పేడ తెచ్చినవాళ్లు స్లర్రీని తిరిగి పట్టుకెళ్లేవాళ్లు. ఉన్నదెంతో ముందు కొలిచి, అది ఏ పనికి సరిపోతుందో ఆ పనికి వాడటం అంటే అదీ.

సోలార్ మోటారుకు వస్తే నా మార్కులు సగానికి పడిపోతాయి. కరెంటు లైను మా చేనుకు దూరం. అందుకని రాయితీలో ఐదు హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్, దానికి దాదాపు ఐదు కిలోవాట్ల పలకలు పెట్టించాం. పలకల మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. పొద్దున్నే, అద్దం వేడెక్కకముందు తడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. కానీ పలకలకూ మోటారుకూ మధ్య ఉండే కంట్రోలర్ పెట్టె సీలు వేసి వస్తుంది. ఒక ఏడాది వేరుశనగ ఊడలు దిగే సమయంలో అది చచ్చిపోయింది. అమ్మినవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు. మనిషి వస్తాడు, పార్ట్ రావాలి, ఇదే జవాబు. ఊడలు దిగేటప్పుడు భూమి గట్టిపడితే కాయ ఊరదు. మా సగం చేను అలాగే పోయింది.

మామూలు కరెంటు మోటారైతే స్టార్టర్‌లో రిలే పోయిందా, కదిరి నుంచి కుర్రాడు వచ్చి గంటలో మారుస్తాడు. కాయిల్ కాలితే వైండింగ్ చేసేవాళ్లు టౌన్లో నలుగురున్నారు. ఎండ మనదే, నీళ్లు మనవే, మధ్యలో పెట్టె ఒక్కటి మన చేతిలో లేదు. ఇప్పుడు కొనేవాళ్లు పలక ఎన్ని వాట్లు అని అడిగే ముందు, కంట్రోలర్ విప్పి బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అడగండి. పిడుగు నుంచి కాపాడే అరెస్టర్‌కూ ఎర్తింగ్‌కూ కక్కుర్తి పడకండి.

ఈ సందర్భంలో నాకు గాంధీగారు గుర్తుకొస్తారు. యంత్రాలకు ఆయన వ్యతిరేకి అని చాలామంది తేల్చేస్తారు. కానీ సింగర్ కుట్టుమిషను అంటే ఆయనకు మెప్పు. 1929లో ఆయన స్థాపించిన అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ రోజుల్లో లక్ష! షరతులు చదివితే ఒళ్లు పులకరిస్తుంది. ఆడమనిషి పెద్దగా అలసిపోకుండా ఎనిమిది గంటలు వడకగలగాలి. ఎనిమిది గంటల్లో 16,000 అడుగుల నూలు రావాలి. ధర 150 రూపాయలు మించకూడదు. ఇరవై ఏళ్లు మన్నాలి, ఏటా మరమ్మతు ఖర్చు ధరలో ఐదు శాతం దాటకూడదు. బహుమతి ఎవరికీ దక్కలేదు. అయినా యంత్రం పుట్టకముందే దాన్ని నడిపే మనిషి ఒంటినొప్పిని, బాగుచేయించే ఖర్చుని షరతుగా రాసినవాళ్ల ఆలోచన ఎంత గొప్పది! సోలార్ పంపు టెండర్లలో ఆ ఐదు శాతం షరతు ఉండాలని నా గట్టి కోరిక.

సోలార్‌తో ఇంకో చిక్కుంది. ఎండ ఉన్నంతసేపూ నీళ్లు ఖర్చు లేకుండా వస్తాయి. ఆపాలని ఎవరికీ అనిపించదు. మా ప్రాంతంలో సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పోయింది మళ్లీ ఊరడానికి టైం పడుతుంది. 2000 తర్వాతి ఏళ్లలో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే, భూగర్భజలాల లెక్క రైతులే చూసుకునే ప్రాజెక్టు కింద, అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు, వానమాపకం చూసి రాసేవాళ్లు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో లెక్కేసుకునేవాళ్లు. బోరులోకి వదిలే టేపు ఒకటి ఉంటుంది, కొస నీటికి తగలగానే మోగుతుంది. నన్నడిగితే మోటారు కంటే ముందు ఊరికి ఆ టేపు కావాలి. మేమిప్పటికీ పక్క చేలవాళ్లతో కలిసి నెలకోసారి కొలిచి నోటుపుస్తకంలో రాస్తాం.

డ్రిప్పు తప్పనిసరి. ప్లాస్టిక్ అని నాకు బాధే, ముక్కలై మట్టిలో కలుస్తుందన్న భయం ఉంది. అయినా ఈ నేలలో అది లేకుండా టమాటా పెట్టలేం. ఉడతలు కొరుకుతాయి, ఉప్పు నీళ్లకు రంధ్రాలు పూడిపోతాయి. కానీ జాయినర్లు జేబులో ఉంటే నా అంతట నేనే అతికిస్తాను. పాత పైపుల్ని చుట్టలు చుట్టి తుక్కు కొనేవాడికి ఇస్తాం, చేలో కాల్చనివ్వం.

కొర్రల మిషను గురించి మాట్లాడేటప్పుడు నాకు మా అత్తమ్మ చేతులే కనిపిస్తాయి. రాగులకు పొట్టు బాధ లేదు, నేరుగా విసురుకోవచ్చు. కొర్ర, సామ, అరికలకు పొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. వాటిని రోట్లో వేసి దంచి, చెరిగి, మళ్లీ దంచాలి. ఇంటిల్లిపాదికీ ఒక పూట అన్నానికి పొద్దంతా పట్టేది. "కొర్రలు మానేసింది రుచి లేక కాదే, రోకలి మొయ్యలేక" అంటుంది ఆమె. రేషన్ బియ్యం రాగానే ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అందులో తప్పేముంది? మా మహిళా సంఘం చిన్న పొట్టు తీసే మిషను తెచ్చాకే ఊళ్లో పాతిక ఇళ్లు మళ్లీ కొర్ర వేశాయి. బయటి ఊరి నుంచి వచ్చిన ఇనుప యంత్రం మా సొంత పంటను తిరిగి తెచ్చింది. ఇంటికొకటి అక్కర్లేదు, ఊరికొకటి చాలు. బెల్టు, బేరింగులు, జల్లెడ అన్నీ టౌన్లో దొరుకుతాయి. నడిపే అమ్మాయికి కిలోకింత అని కూలి కడతాం. చేత్తో దంచినదే మంచిదని నాకు చెప్పేవాళ్లు ఒక్క నెల వాళ్లింట్లో దంచి చూడాలి.

మిక్సీ ఉంటుంది. మోటారుతో తిరిగే కట్టెగానుగ కూడా ఊళ్లో ఉండాలి. మా వేరుశనగ నూనె అక్కడే ఆడిస్తాం, నూనె తీశాక మిగిలిన చెక్క ఆవులకు పెడతాం. సైకిల్ చక్రంతో టౌన్లో వెల్డింగ్ అతను చేసిచ్చిన కలుపు గుంటకకు పూర్తి మార్కులు. నేల పదును మీద ఉన్నప్పుడు దిగితే ఒక్క మనిషి ఒంగకుండా సాళ్లన్నీ తీసేస్తాడు. పిడి ఎత్తు మాత్రం ఎవరికి వాళ్లు సరిచేసుకోవాలి, లేకపోతే నడుము పోతుంది. సోలార్ వాటర్ హీటర్ మా బోరు నీళ్లకు వద్దు, గొట్టాల్లో సున్నం పేరుకుపోతుంది. మంచి నీళ్లున్న ఊళ్లవాళ్లు నిశ్చింతగా పెట్టించుకోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీని తీసేశాం.

ఇది చదివి ఎవరైనా దీనబంధు కట్టించుకుంటే ఈ పనులు మర్చిపోవద్దు. చోటు కొట్టం పక్కనే, ఎండ పడేలా, తాగే నీటి బావికి దూరంగా చూసుకోండి. ప్లాస్టరింగ్ అయ్యాక గుమ్మటాన్ని బాగా తడపండి, పేడ పోయకముందు నీళ్లు నింపి లీకేజీ చూడమని మేస్త్రీని పట్టుబట్టండి. గ్యాస్ వచ్చాక ప్రతి పైపు అతుకు మీదా సబ్బునురగ రాసి చూడండి. బుడగ లేచిన చోటల్లా మళ్లీ బిగించాలి.