డెత్ వ్యాలీలో వైల్డ్‌రోజ్ క్యాంప్‌గ్రౌండ్: కొన్నేళ్లు వాడాక

ఎడారి యాత్రలో రాత్రి ఎక్కడ ఆగాలో ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఆ చోటు ఎత్తు. బల్లలు, మరుగుదొడ్ల సంగతి తర్వాత. అమెరికాలోని ఎడారి జాతీయ పార్కు డెత్ వ్యాలీలో ఫర్నెస్ క్రీక్ అనే క్యాంప్‌గ్రౌండ్ సముద్రమట్టానికి 196 అడుగుల దిగువన ఉంటే, అదే పార్కులో వైల్డ్‌రోజ్ 4,100 అడుగుల ఎత్తున ఉంది. రెండింటిలోనూ చాలా రాత్రులు గడిపాను. వైల్డ్‌రోజ్ మీద నాకున్న ప్రేమకు కారణం ఆ ఎత్తే.

అది ఎలా మొదలైందో చెప్పాలి. ఏప్రిల్ చివరి వారంలో ఫర్నెస్ క్రీక్‌లో దిగాం. పొద్దుగూకితే చల్లబడుతుందనుకుంటే, పగలంతా కాగిన నేల రాత్రంతా ఆ వేడిని వదులుతూనే ఉంది. చాప మీద చెయ్యి పెడితే కింద రాయి వెచ్చగా తగిలేది. గుడారం తలుపులు రెండూ తీసి పెట్టినా లోపలికి వచ్చేది వడగాలే. సీసాలో నీళ్లు తాగినా దాహం తీరలేదు. పిల్లలు అర్ధరాత్రి దాటాక గానీ కన్ను మూయలేదు.

మర్నాడు గుడారం పీకేసి, స్టవ్‌పైప్ వెల్స్ మీదుగా ఎమిగ్రెంట్ కాన్యన్ దారి పట్టాం. దారి ఎక్కుతున్నకొద్దీ కారులో ఉష్ణోగ్రత అంకె ఒక్కొక్కటిగా పడిపోతూ వచ్చింది. కాసేపటికి ఏసీ ఆపి అద్దాలు దించాం. పార్కువారు ప్రతి వెయ్యి అడుగులకు 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుందని చెబుతారు. ఈ రెండు చోట్ల మధ్య ఎత్తు తేడాకు అది సుమారు 13 నుంచి 21 డిగ్రీలవుతుంది. ఆ రాత్రి స్వెటర్లు తీశాం. పిల్లలు స్లీపింగ్ బ్యాగుల్లో ముడుచుకుని తెల్లవార్లూ కదలకుండా పడుకున్నారు.

పొద్దున్నే ఇంకా పైకి, ఒకప్పుడు కట్టెలు కాల్చి బొగ్గు చేసిన బట్టీల దాకా వెళ్లాం. 1877లో కట్టిన పది రాతి బట్టీలు వరుసగా నిలబడి ఉంటాయి. వంగి లోపలికి అడుగుపెడితే ఇన్నేళ్ల తర్వాత కూడా గోడలకు పొగ వాసన పట్టే ఉంది. మాట్లాడితే గొంతు గుండ్రంగా తిరిగి మన చెవిలోనే పడుతుంది. పిల్లలు పది బట్టీల్లోనూ దూరి అరిచి వచ్చారు.

అప్పటి నుంచి అడిగినవారందరికీ, ఏ కాలమైనా వైల్డ్‌రోజ్‌కే వెళ్లమని చెబుతూ వచ్చాను. ఇప్పుడు మాత్రం వసంతం, శరత్తుల్లోనే వెళ్లమని చెబుతున్నాను. డిసెంబర్, జనవరిలో అక్కడ మంచు పడవచ్చు, నీళ్లు గడ్డకట్టవచ్చు. ఆ నెలల్లో ఫర్నెస్ క్రీకే హాయి. నడివేసవిలో పగలు వైల్డ్‌రోజ్‌లోనూ ఎండ మాడ్చేస్తుంది. అప్పుడు 8,000 అడుగులు దాటిన మహోగనీ ఫ్లాట్ క్యాంప్‌గ్రౌండ్ దాకా ఎక్కాలి. బట్టీలు దాటాక ఆ దారి మా చిన్న కారు పోయేది కాదు. అడుగు భాగం నేలకు ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి.

నీళ్లు మాత్రం అక్కడి కుళాయిని నమ్ముకోకుండా కారులో నింపుకునే వెళ్లండి. బయల్దేరే రోజు దారి తెరిచి ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను ప్రభావంతో ఫర్నెస్ క్రీక్‌లో ఒక్కరోజే 2.2 అంగుళాల వాన పడి, రోడ్లు కొట్టుకుపోయి, పార్కు మొత్తం అక్టోబర్ 15 వరకు మూతపడింది. ఎడారిలో వాన అరుదే గానీ, పడితే ముందు పోయేది ఇలాంటి కొండదారులే.

వైల్డ్‌రోజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో రిజర్వేషన్ లేదు, బసకు రుసుమూ లేదు. ముందు వచ్చినవారిదే చోటు. మేం సెలవు పెట్టుకుని వారం మధ్యలో, మధ్యాహ్నంలోపే చేరుకుంటాం కాబట్టి ఇబ్బంది పడలేదు. శుక్రవారం రాత్రి బాగా పొద్దుపోయాక చేరేవారికి ఇంత ధైర్యంగా చెప్పలేను. పొడవు 25 అడుగులు దాటిన బండ్లకు ఎమిగ్రెంట్ కాన్యన్ దారిలో అనుమతి లేదు. పెద్ద ఆర్వీలో (పడకా వంటగదీ ఉండే బండిలో) వచ్చేవారు చలికాలంలో వచ్చి, ఫర్నెస్ క్రీక్‌లో చోటు ముందే తీసుకోవడం మేలు.