త్రియానా తర్వాత ఏది మేలు: మెస్కీతానా, ఇమానా?

స్పెయిన్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి, మలుపుల పాటల రాక్, పొట్టిగా ప్రోగ్) గురించి అడిగితే ఎవరైనా ముందు చేతిలో పెట్టేది త్రియానా బ్యాండ్ 1975లో తెచ్చిన "ఎల్ పాటియో". అది వినాల్సిందే, అందులో అనుమానం లేదు. చిక్కంతా ఆ తర్వాతే. నచ్చి "ఇలాంటిది ఇంకోటి చెప్పండి" అని అడిగితే మళ్లీ త్రియానా రెండోదీ మూడోదీ చెప్పి పంపించేస్తారు. ప్రోగ్ హవా తగ్గిపోతున్న రోజుల్లో త్రియానా పుట్టిన దక్షిణ స్పెయిన్ ప్రాంతం ఆండలూసియా నుంచే వచ్చిన రెండు ఆల్బమ్‌లు ఎప్పుడూ వెనకబడిపోతాయి. ఒకటి కోర్దోబా బ్యాండ్ మెస్కీతా 1979లో తెచ్చిన "రెక్వెర్దోస్ దె మి తియెర్రా", అంటే మా నేల జ్ఞాపకాలు. రెండోది హెరెస్ వైపు బ్యాండ్ ఇమాన్ కాలిఫాతో ఇండిపెండియెంతే 1980లో తెచ్చిన "కమీనో దెల్ ఆగిలా", అంటే గద్ద దారి. ఒక్కటే వినే ఓపిక ఉంటే ఏది?

నా ఓటు రెండోదానికి. మొదటిసారి రెండూ వరసగా విన్న రోజు అడిగి ఉంటే మాత్రం తడుముకోకుండా మెస్కీతా అనేవాణ్ని.

పేర్ల దగ్గరే కాసేపు ఆగాలనిపిస్తుంది. మెస్కీతా అంటే మసీదు. ఆ మాటా మన మసీదూ రెండూ అరబ్బీ మస్జిద్ నుంచి వచ్చినవే. కోర్దోబాలో ఆ పేరు చెబితే ఎవరైనా 8వ శతాబ్దంలో మొదలుపెట్టిన పెద్ద మసీదు వైపే చూపిస్తారు. ఇమాన్ అనే మాటకి స్పానిష్‌లో రెండు అర్థాలు: ఇమామ్, అయస్కాంతం. దాని పక్కన "స్వతంత్ర ఖలీఫా రాజ్యం" అని తగిలించారు. 1031లో కూలిపోయిన కోర్దోబా ఖలీఫాల రాజ్యాన్ని 1970ల చివర్లో గిటార్లు పట్టుకున్న కుర్రాళ్లు మళ్లీ ప్రకటించుకున్నారన్నమాట. ఊరికే సరదా కాదది. స్పెయిన్‌ని ఏలిన నియంత ఫ్రాంకో 1975లో పోయాడు, స్వయంపాలన కావాలని ఆండలూసియాలో రెఫరెండం 1980 ఫిబ్రవరి 28న జరిగింది. "మేం వేరు, మా గతం వేరు" అని అందరూ అంటున్న రోజులవి.

ఇక పాట సంగతి. ఇంట్లో హార్మోనియం గానీ కీబోర్డ్ గానీ ఉంటే ఒక చిన్న పని చేయండి. శుద్ధ మధ్యమం, సాధారణ గాంధారం, శుద్ధ రిషభం, షడ్జం: మ గ రి స అని మెల్లగా దిగండి. తోడి దిగినట్టే ఉంటుంది. షడ్జం మీద ఆగగానే గాంధారాన్ని మార్చి అంతర గాంధారం, పంచమం కలిపి నొక్కండి. ఒక్కసారిగా వకుళాభరణం రంగు వచ్చేస్తుంది. ఫ్లమెంకో (ఆండలూసియా సంప్రదాయ సంగీతం) గిటార్ అనగానే మనకి గుర్తొచ్చే ఆ ముగింపు అదే. గమకాల లెక్క వేరు కాబట్టి రాగం అనలేం. కానీ మన చెవికి ఈ సంగీతం పరాయిగా అనిపించకపోవడానికి సగం కారణం ఆ దిగుడే. ఈ రెండు బ్యాండ్లకీ మూలధనం అదే. ఖర్చు పెట్టిన తీరులోనే తేడా.

మెస్కీతా దాన్ని మొదటి రోజే మొత్తం ఖర్చు పెట్టేస్తుంది. హోసే రఫా గొంతు ఫ్లమెంకో గొంతు. "ఆయ్" అని ఎత్తుకుంటే లోపల ఏదో చిరిగినట్టుంటుంది. దాని వెనకాల హార్డ్ రాక్ గిటార్, ఉరకలేసే కీబోర్డులు, నిమిషానికోసారి మారే నడక. ఆరు పాటలూ అంతే, ఊపిరి తీసుకోనివ్వవు. "ఎల్ బిథ్కో దె లోస్ పాటియోస్" అంటే "పెరళ్ల మెల్లకన్నోడు". కోర్దోబా ఇళ్ల మధ్య పూలకుండీలతో నిండిన వాకిళ్లున్నాయే, ఆ పాటియోలు. "ఆరా బూసా" పాట పేరుకి అర్థం ముద్దివ్వమని. ఉర్దూ చెవినపడ్డ హైదరాబాదీలకి బోసా (ముద్దు) గుర్తొస్తే తప్పు వాళ్లది కాదు.

ఇంత బాగుంటే మరి లోటేంటి? కోర్దోబా మసీదు నడిమధ్యలో 16వ శతాబ్దంలో కేథడ్రల్ కట్టారు. చూస్తే కళ్లు చెదురుతాయి, కానీ ఎక్కడ మసీదు ఆగిందో ఎక్కడ చర్చి మొదలైందో ఇట్టే తెలిసిపోతుంది. మెస్కీతా ఆల్బమ్ కూడా అంతే. ఇది ఫ్లమెంకో ముక్క, ఇది రాక్ ముక్క, ఇదిగో అతుకు. పదోసారి వినేసరికి నాకు అతుకులే వినబడటం మొదలైంది.

"కమీనో దెల్ ఆగిలా"లో ఆ అతుకు దొరకదు. నాలుగే ట్రాకులు, ఎక్కువ భాగం వాద్యాలే. మాన్యుయెల్ రోద్రీగెస్ గిటార్, మార్కోస్ మాంతెరో కీబోర్డులు, కీకో గెరెరో డ్రమ్స్, కొత్తగా చేరిన ఉర్బానో మొరాయెస్ బేస్. జాజ్ రాక్ అనుకుని వింటూ ఉంటాం. ఎక్కడో ఒక మలుపులో మ గ రి స అని దిగి వెళ్లిపోతారు, అంతే. అది ఫ్లమెంకో అని ఎవరూ బోర్డు పెట్టరు. టైటిల్ ట్రాక్ పది నిమిషాలు దాటుతుంది, తొందర అనేది లేదు. "లా మార్చా దె లోస్ ఎనానీతోస్", అంటే మరుగుజ్జుల కవాతు, పేరుకి తగ్గట్టే అల్లరిగా ఉంటుంది. "మలుకీన్యా" మాత్రం పేరుతో సహా బ్రెజిల్ గాలి. బాగానే ఉంటుంది గానీ, పెళ్లిలో అవతలి పందిట్లోంచి వినబడే పాటలా కొంచెం పక్కకి ఉంటుంది. ఈ ఆల్బమ్ మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. లేదు, ఇంకోటి కూడా ఉంది. మొదటి వినికిడిలో ఇది మనల్ని పట్టి కూచోబెట్టదు. పనిచేసుకుంటూ పెట్టుకుంటే బ్యాక్‌గ్రౌండ్‌లోకి జారిపోతుంది. రాత్రి లైటు తీసేసి వినాలి.

ఇమాన్‌దే 1978 నాటి మొదటి ఆల్బమ్ మేలు అనేవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో "తరాంతోస్" ఒక్కటే సుమారు 20 నిమిషాలు. అల్మేరియా గనుల కార్మికుల పాటల్లోంచి వచ్చిన ఫ్లమెంకో రకం పేరది. పక్కనే "దర్శన్" అని అచ్చంగా మన మాటే పేరుగా ఇంకో ట్రాక్. గొప్పదే, కానీ సాగదీత ఉంది. రెండేళ్ల తర్వాత అదే బ్యాండ్ ఏది వదిలేయాలో నేర్చుకుంది. ఇక కాదిస్ బ్యాండ్ కాయ్ 1980లో తెచ్చిన "నోచే అబియెర్తా" కూడా ఈ లెక్కలోకి రావాలి గానీ, నాకది త్రియానా నీడలోంచి పూర్తిగా బయటికి వచ్చినట్టు అనిపించదు.

రెండూ మరుగున పడటానికి కారణం సంగీతం కాదు, తేదీ. 1980 నాటికి మాడ్రిడ్‌లో లా మోవీదా అనే కుర్రకారు సంస్కృతి ఉద్యమం ఊపందుకుంది. మూడు నిమిషాల పాట, రంగుల జుట్టు, సింథసైజర్ పాప్. ఖలీఫాల గురించి పది నిమిషాల ట్రాకులు వినే ఓపిక అప్పటి కుర్రకారుకి ఎక్కడిది? మెస్కీతా 1981లో రెండో ఆల్బమ్ తెచ్చే నాటికి తనే నేరుగా హార్డ్ రాక్ వైపు వెళ్లిపోయింది.

పాట కావాలి, గొంతు కావాలి అనేవాళ్లు నా మాట పక్కనపెట్టి మెస్కీతా వైపే వెళ్లండి, నష్టపోరు. మిగతావాళ్లు ముందు ఇమాన్ వినండి. ఆ తర్వాత మెస్కీతాకి వస్తే చివరి ట్రాక్‌తో మొదలుపెట్టండి. దాని పేరు "ఓబెర్తూరా", అంటే నాంది. నాందిని తీసుకెళ్లి ఆఖర్న పెట్టారు మహానుభావులు.