స్పీడ్ కోర్సా, ఫైనూ పాయింట్లా?

ఇంగ్లండ్‌లో గంటకు 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 36లో వెళ్లాను. కొద్ది రోజులకే పోలీసుల ఉత్తరం గుమ్మంలో పడింది. నడిపింది నేనేనని 28 రోజుల గడువులోపు జవాబు రాశాక రెండు దారులు చూపించారు: ఫైను కట్టి లైసెన్సు మీద తప్పు పాయింట్లు వేయించుకోవడం, లేదా వేగం మీద అవగాహన కోర్సుకు కూర్చోవడం.

ఖర్చు: ఫైను 100 పౌండ్లు. కోర్సు ఫీజు ప్రాంతాన్ని బట్టి మారుతుంది, దాదాపు అంతే అవుతుంది. అసలు తేడా ఆ తర్వాతే. ఫైనుతో వచ్చే 3 పాయింట్లు లైసెన్సు మీద 4 ఏళ్లు ఉంటాయి. ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా 5 ఏళ్ల చరిత్ర అడుగుతారు, ప్రీమియం పెరగొచ్చు. కోర్సుకు పాయింట్లు పడవు.

శ్రమ: ఫైను ఐదు నిమిషాల్లో కట్టేయొచ్చు. కోర్సుకు రెండున్నర గంటలకు పైగా ఆన్‌లైన్‌లో కెమెరా ముందు కూర్చోవాలి. వీధి దీపాలున్న రోడ్డుకు వేరే బోర్డు లేకపోతే పరిమితి 30 అని నాకు అక్కడే తెలిసింది. ఆ ఒక్క మాటకే ఫీజు గిట్టిందనిపించింది.

రిస్క్: కోర్సు ఎగ్గొడితే కేసు మళ్లీ మొదటికొస్తుంది. పాయింట్లు 3 ఏళ్లలో 12కు చేరితే నిషేధమే. మొదటి లైసెన్సు వచ్చిన 2 ఏళ్లలోపు 6 పాయింట్లు పడితే రద్దు. ఇండియాలో ఎన్నేళ్లు నడిపినా, అక్కడ కొత్తగా టెస్ట్ పాసైన మనవాళ్లకూ ఇదే రూల్.

అందుకే కొత్త లైసెన్సు ఉన్నవాళ్లు, డ్రైవింగే జీవనాధారమైనవాళ్లు కోర్సు ఇస్తే వదులుకోకండి. గత 3 ఏళ్లలో అదే కోర్సు చేసినవాళ్లకు మళ్లీ ఇవ్వరు, వాళ్లకు ఫైనే. స్కాట్లాండ్‌లో దొరికితే ఈ కోర్సే లేదు.