సొంత బ్లాగా, వికీనా? రెండూ వాడి చెప్తున్నా

మాది కడప. తెలుగు వికీపీడియాలోనూ, గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లో నా సొంత బ్లాగులోనూ రెండింట్లో రాస్తున్నా, మనసులో మాట రాసుకోవాలంటే మాత్రం నా ఓటు బ్లాగుకే. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు కూడా వస్తారు కదా, ఈ సంగతి వికీలో పెట్టాలంటే పుస్తకమో పేపరో ఆధారం చూపించాల, మా జేజి చెప్పిందంటే కుదరదు, సొంత అభిప్రాయాలకైతే అసలు చోటే లేదు, విజ్ఞాన సర్వస్వం అన్నాక అట్లే ఉండాల కూడా. తెలుగు వికీ 2003లో మొదలైంది, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరు ఏం మార్చినారో పేజీలో 'చరిత్ర' అనేది నొక్కితే మొత్తం కనపడుతుంది, అది చానా నచ్చింది నాకు.

కానీ ఒక ఉగాది పొద్దు ఆ గుడి దగ్గర జేజి నా చెయ్యి గట్టిగా పట్టుకొని లైన్లో నిలబడింది, ముందున్న బుర్ఖా ఆమె వెనక్కి తిరిగి నాకు బెల్లం ముక్క పెట్టింది, జేజి ఆమెను పేరు పెట్టి పిలిచింది. ఇది యాడ రాయాల? బ్లాగులోనే. జేజి ఇప్పుడు లేదు, ఆ పోస్టు రాసిన రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

బ్లాగర్‌కి డబ్బులేం కట్టే పనిలేదు, ఫోన్లో జీబోర్డుతో (గూగుల్ కీబోర్డు యాప్) తెలుగు టైపింగ్ అయిపోతుంది. బ్యాకప్ మాత్రం సెట్టింగ్స్‌లోకి పోయి అప్పుడప్పుడు మనమే తీసి పెట్టుకోవాల.