ఖానియాలో నాలుగు రాత్రులు: తోటకూర బాగుంది, బస బాగాలేదు

2025 జూన్ చివరి వారంలో నేను, నా భార్య, తెనాలి నుంచి మా దగ్గరికి మ్యూనిక్ వచ్చి ఉన్న అమ్మా నాన్నగారూ, మొత్తం నలుగురం గ్రీసు దేశపు క్రీటు దీవిలోని ఖానియా పట్నంలో నాలుగు రాత్రులు గడిపి వచ్చాము. ఊరు ఎంతగానో నచ్చింది. దిగిన ఇల్లు నచ్చలేదు, ఆ ఇంటి యజమాని మరీ నచ్చలేదు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని అటు వెళ్ళే తెలుగువారు మాలాగా డబ్బు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. మ్యాపులో ఉండే స్పెల్లింగును చూసి మనం ఖానియా అంటాము గానీ, అక్కడివారి నోట అది 'హన్యా' అని వినిపిస్తుంది. బస్సులో ఊరి పేరు చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

బస విషయంలో మొదటి తప్పు నాదే. లిఫ్టు ఉన్న హోటలు చూసుకుని, పాత రేవుకు పడమరగా పది నిమిషాల నడకలో ఉన్న నెయా హోరా అనే పేటలో దిగుదామని నా భార్య ముందే చెప్పింది. ఒకప్పుడు ఈ దీవిని ఏలిన ఇటలీలోని వెనీసువారు కట్టిన పాత ఊళ్ళోనే, కిటికీ తెరిస్తే రేవు కనిపించేలా ఉండాలని నేను పట్టుబట్టి, రాత్రికి 118 యూరోల చొప్పున ఒక అపార్టుమెంటు బుక్ చేశాను. కిటికీ తెరిస్తే రేవు కనిపించిన మాట నిజమే. ఆ కిటికీ దాకా చేరాలంటే మాత్రం నిచ్చెనలాగా నిటారుగా, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కలేనంత ఇరుకుగా ఉన్న 27 చెక్కమెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ పధ్నాలుగో మెట్టు మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఏరా, శ్రీశైలం పాతాళగంగ మెట్లు కూడా ఇంతకంటే నయం కదరా" అంది. నా భార్య ఏమీ అనలేదు, నా వైపు ఒకసారి చూసిందంతే.

కింద బారు ఉందని ప్రకటనలో ఎక్కడా రాయలేదు. తెల్లవారుజామున మూడింటి వరకు పాటలు ఆగలేదు. రెండు పడకగదుల్లో ఒకదానికే ఏసీ ఉంది, దాన్ని అమ్మానాన్నలకు ఇచ్చాము. నీళ్ళు కాగడానికి గీజరు స్విచ్చి అరగంట ముందు వేయాలని ఎవరూ చెప్పకపోవడంతో, మొదటి రోజు ఉదయం నాన్నగారు చన్నీళ్ళ స్నానం చేసి, కార్తికమాసం ముందే వచ్చిందని తీర్పు ఇచ్చారు. ఇవన్నీ ఎలాగో సర్దుకునేవాళ్ళమే.

సర్దుకోలేనిది డబ్బు సంగతి. తాళాలు ఇచ్చేటప్పుడు యజమాని ఒక్కొక్క మనిషికి రాత్రికి 8 యూరోలు ప్రభుత్వ పన్ను కట్టాలనీ, నలుగురికీ నాలుగు రాత్రులకూ కలిపి 128 యూరోలనీ, అదీ నగదుగానే ఇవ్వాలనీ చెప్పాడు. వరదలు, కార్చిచ్చుల వంటి వాతావరణ విపత్తులను ఎదుర్కోవడానికి గ్రీసు ప్రభుత్వం పర్యాటకుల బసలపై రుసుము వసూలు చేస్తోందని నేను ఎక్కడో చదివి ఉండడం వల్ల, మారుమాట లేకుండా లెక్కపెట్టి ఇచ్చాను. రసీదు అడగాలని కూడా తోచలేదు. అర్ధరాత్రి దాటాక, సామానుతో, మెట్ల మీద కూర్చున్న తల్లితో ఉన్నవాడికి అన్నీ తోచవు.

మొదటి రోజు రాత్రి భోజనం గురించి ఎక్కువ చెప్పను. రేవు చుట్టూ ఉన్న హోటళ్ళ ముందు మెనూ కార్డు పట్టుకుని దారిన పోయేవారిని పిలిచేవాళ్ళు ఉంటారు. అలా పిలిస్తే వెళ్ళి, చప్పటి పాస్తాకూ చల్లారిన చిప్స్‌కూ 88 యూరోలు ఇచ్చి వచ్చాము. రేవు అందాన్ని నడుస్తూ చూడండి, అక్కడ కూర్చుని తినకండి.

చూడవలసినవి మాత్రం ఆ రేవులోనే ఉన్నాయి. వెనీసువారు కట్టిన ఓడల షెడ్లు ఒకప్పుడు పదిహేడు ఉండేవట, వాటిలో ఏడు ఇప్పటికీ వరుసగా నిలబడి ఉన్నాయి. 1645లో ఊరు తురుష్కుల చేతికి వచ్చాక కట్టిన మసీదు నీటి అంచునే గుండ్రని గుమ్మటాలతో ఉంది. దానికి మీనారు లేదు. రేవు ముఖాన ఉన్న దీపస్తంభం మాత్రం మీనారులాగానే కనిపిస్తుంది. దాన్ని మొదట వెనీసువారు కట్టినా, ఇప్పుడున్న రూపం 19వ శతాబ్దంలో ఈజిప్టువారు ఈ దీవిని ఏలిన కాలంలో వచ్చింది. లోపలికి పోనివ్వరు. రేవును చుట్టి, అలలను అడ్డుకునే కట్ట మీదుగా దాని దాకా నడవవచ్చు, నీడ అనేది లేదు కాబట్టి ఉదయం ఎనిమిదిలోపే వెళ్ళండి. ఎదురుగా కనిపించే ఫిర్కాస్ కోటలోనే 1913 డిసెంబరు 1న గ్రీకు జెండా ఎగరేసి, క్రీటు గ్రీసులో కలిసిందని చాటారు.

రెండో రోజు పురావస్తు మ్యూజియానికి వెళ్ళాము. అది 2022లో హలేపా ప్రాంతంలోని కొత్త భవనంలోకి మారింది, పాత ఊళ్ళో వెతికితే దొరకదు. అక్కడ బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దదైన ఒక మట్టి ముద్ర ఉంది. సముద్రపు ఒడ్డున మేడల మీద మేడలుగా ఒక పట్నం, దాని కొప్పున కర్ర చాచి నిలబడిన ఒక మనిషి, అంత చిన్న చోట స్పష్టంగా కనిపిస్తారు. దాదాపు మూడున్నర వేల ఏళ్ళ నాటి ఆ ముద్ర మేము దిగిన ఇంటికి నాలుగడుగుల దూరంలోని కస్తెల్లి గుట్ట మీద దొరికింది. నాన్నగారు కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, పావుగంట అక్కడే నిలబడ్డారు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి కదా, తర్వాత కత్తుల వీధిలోనూ కదలలేదు. అక్కడ క్రీటు కత్తుల పలకల మీద 'మాంటినాదా' అనే రెండు పాదాల పద్యాలు చెక్కుతారు. పాదానికి పదిహేను అక్షరాలు, చివర ప్రాస. "అచ్చం మన ద్విపదే! కాకపోతే మనకు ప్రాస రెండో అక్షరం మీద, వీళ్ళకు పాదం చివర," అని దుకాణదారుడికి తెలుగులోనే వివరించారు. అతను ఎంతో శ్రద్ధగా తల ఊపి, 25 యూరోలకు ఒక చిన్న కత్తి అమ్మాడు. దాన్ని చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతిసంచిలో పెట్టకండి.

ఎత్స్ హయీమ్ అనే యూదుల ప్రార్థనాలయాన్ని కూడా వదలకండి. 1944 మేలో జర్మన్లు ఇక్కడి యూదులందరినీ పట్టుకుని, జూన్‌లో తనాయిస్ అనే ఓడలో ఎక్కించారు. లోపల ఎవరున్నారో తెలియని బ్రిటిష్ జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. పాడుపడిన ఆలయాన్ని బాగుచేసి 1999లో మళ్ళీ తెరిచారు. ముంగిట్లో చెట్టు నీడన కూర్చున్నంతసేపూ మాలో ఎవరమూ మాట్లాడలేదు.

మూడో రోజు బస్సులో ఎలఫోనీసి సముద్రతీరానికి వెళ్ళివచ్చాము. ఇసుక గులాబిరంగే, దానిమీద జనమే ఎక్కువ.

ఆ రాత్రి అలసిపోయి, రేవుకు దూరంగా స్ప్లాంజియా అనే పేట వైపు నడిచాము. అక్కడి సెయింట్ నికొలస్ గుడికి ఒకవైపు గంటల గోపురం, ఇంకోవైపు మీనారు ఉన్నాయి. అది చర్చిగా కట్టి, మసీదుగా మారి, మళ్ళీ చర్చి అయిన గుడి. దాని వెనక సందులో ఆరేడు బల్లలున్న ఒక చిన్న భోజనశాల కనిపించింది. పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. మేము శాకాహారులమని చెబితే ఇక్కడ కొందరు చేపలు తెచ్చి పెడతారు. 'నిస్తీసిమో' అని అడగండి. వాళ్ళ మత ఉపవాసాల్లో తినే, మాంసం, గుడ్లు, పాలు లేని వంటకం అని దాని అర్థం. అయితే ఆ ఉపవాసాల్లో ఆక్టోపస్, రొయ్యలు పనికివస్తాయి కాబట్టి, అవి కూడా వద్దని వేరుగా చెప్పుకోవాలి.

మొదట వచ్చిన పళ్ళెంలో ఉడికించిన ఆకుకూర ఉంది, పైన ఆలివ్ నూనె పోసి నిమ్మకాయ పిండారు. అమ్మ ఒక కాడ తీసి నమిలి, చేయి ఆపి, "ఇది తోటకూరరా!" అంది. నిజంగా తోటకూరే, అక్కడ 'వ్లీతా' అంటారు. పక్కన టమాటా ముక్కల్లో పచ్చిగా కలిపిన గుండ్రని ఆకులు మన గంగవావిలి కూర. తర్వాత వచ్చిన 'ఫావా' పసుపుపచ్చని బఠాణీ పప్పును మెత్తగా ఉడికించి ఉల్లిపాయ ముక్కలు చల్లినది, ముద్దపప్పు అని కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. గుమ్మడి జాతికి చెందిన జుకినీ, బంగాళాదుంప, మిజిత్రా అనే మెత్తని జున్ను, పుదీనా కలిపి కాల్చే 'బురెకి' ఈ ఊరి ప్రత్యేకత. పేరు విని బూరెలనుకున్న నాన్నగారు కొంచెం నిరాశపడినా రెండోసారి వడ్డించుకున్నారు. తెనాలి నుంచి దీవుల దాకా వచ్చిన ఆవకాయ సీసా మూత ఆ రాత్రి తెరవలేదు. నలుగురికీ అయినది 42.50 యూరోలు, అందులో తోటకూర 6.50. చివర పుచ్చకాయ ముక్కలూ, చిన్న గాజు కూజాలో రాకీ అనే సారా ఉచితంగా తెచ్చి పెట్టారు. నాన్నగారు వాసన చూసి, మర్యాదగా నా వైపు జరిపారు.

బిల్లు కోసం ఎదురుచూస్తూ మెనూ కార్డు వెనక్కి తిప్పిన నా భార్య, రసీదు ఇవ్వనిచోట డబ్బు చెల్లించవలసిన బాధ్యత వినియోగదారుడికి లేదని అట్ట అడుగున అచ్చువేసిన వాక్యాన్ని నాకు చూపించింది. గ్రీసులో ఈ వాక్యం ప్రతి మెనూలోనూ ఉంటుంది. అప్పుడు తట్టింది. వడ్డించిన పెద్దావిడను పన్ను గురించి అడిగితే, ఆవిడ నవ్వి, వేళ్ళతో ఇల్లు కప్పు గీసి చూపించి, "ఇంటికి, మనిషికి కాదు," అంది. విచారిస్తే తేలినది కూడా అదే. అలా అద్దెకిచ్చే అపార్టుమెంటుకు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు రాత్రికి 8 యూరోలు, మిగిలిన నెలల్లో 2 యూరోలు. లోపల ఎంతమంది పడుకున్నా అంతే. మేము కట్టవలసినది 32, కట్టినది 128.

128 యూరోలకు పన్ను రసీదు కావాలని ఆ రాత్రే యజమానికి మర్యాదగా రాశాను. పోట్లాడలేదు, ఇంకొక మాట చేర్చలేదు. తెల్లవారి తొమ్మిదింటికల్లా అతనే మెట్లెక్కి వచ్చి, ఎక్కడో పొరపాటు జరిగిందని చెప్పి, 90 యూరోలు బల్ల మీద పెట్టి, ఆరు యూరోలకు చిల్లర లేదన్నాడు. నేను పోనిమ్మన్నాను. ఇలాంటివారితో వాదించడం కన్నా రసీదు అడగడమే మేలు. ఆ అడగడం కూడా నాలాగా మూడో రోజు కాక, తాళం చేతికి వచ్చినప్పుడే అడగండి.

బయలుదేరే ముందు బుగాట్సా తిన్నాము. వేడివేడి పిండి పొరల మధ్య జున్ను పెట్టి, పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి ముక్కలుగా కోసి ఇస్తారు, పళ్ళెం నాలుగు యూరోలు. విమానాశ్రయానికి టాక్సీకి 30 యూరోలు అయింది. అమ్మ దారి పొడవునా మాట్లాడలేదు, కోపమేమో అనుకున్నాను. దిగేటప్పుడు అడిగింది: "ఆ ఆరు యూరోలు వదిలేశావేమిట్రా? ఇంకో అర యూరో వేస్తే తోటకూర పళ్ళెం వచ్చేది."