రంగం నుంచి బగాన్ దాకా: ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయాలి

బర్మా టూరు ప్యాకేజీలన్నీ దాదాపు ఒకే అచ్చు. రంగూన్‌లో ఒక పూట, బగాన్‌లో ఒక రాత్రి, మాండలేలో రెండు, ఇన్లే సరస్సులో రెండు, మళ్ళీ రంగూన్ వచ్చి విమానం ఎక్కడం. మేం నలుగురం, నేనూ మా ఆవిడా, అన్నయ్యా వదినా, ప్యాకేజీ జోలికి పోకుండా సొంతంగా తిరిగాం. తిరిగొచ్చాక చూసుకుంటే నా లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. రంగూన్‌కీ బగాన్‌కీ ఎన్ని రోజులిచ్చినా తక్కువే. మాండలే ఊళ్ళో ఒక్క రోజు చాలు. ఇన్లే గురించి జనం చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలి.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది 2020 జనవరి నాటి ప్రయాణం. ఏడాది తిరిగేసరికి, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. అప్పట్నుంచి దేశంలో చాలా ప్రాంతాల్లో పోరు నడుస్తోంది. 2025 మార్చి 28న మాండలే పక్కన 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంచేత ఇక్కడ రాసిన ధరలూ బస్సులూ అప్పటివని గుర్తుపెట్టుకుని చదవండి.

మాది విశాఖపట్నం. ఊళ్ళో బర్మా కేంప్ అనే పేట ఉంది, అక్కడివాళ్ళలో చాలామంది పెద్దలు బర్మా నుంచి వచ్చినవాళ్ళే. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా మన తీరంలో పాతతరం వాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు. రేవులో మూటలు మోయడానికీ, బియ్యం మిల్లుల్లో పనికీ ఓడెక్కి వెళ్ళేవారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో చాలామంది తెలుగువాళ్ళు చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు వేసినప్పుడు వేలమంది కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ వచ్చేశారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కాక, దుకాణాలూ వ్యాపారాలూ ప్రభుత్వపరం అయ్యాక తిరిగొచ్చారు. ఈ కథలన్నీ విని పెరిగినందుకో ఏమో, రంగూన్‌ని ఒక్క పూటలో తేల్చెయ్యడానికి మాకు మనసొప్పలేదు.

కోల్‌కతా నుంచి విమానం సుమారు రెండు గంటలు. వీసా ఆన్‌లైన్లోనే, 50 డాలర్లు. మన గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి. అసలు తంటా డబ్బుతో. డాలర్ నోటు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటేనే తీసుకుంటారు. వదిన పర్సులో నాలుగు మడతలు పెట్టిన వంద డాలర్ల నోటుంది. కౌంటర్లో అమ్మాయి దాన్ని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి, మడత మీద గోరుతో గీసి చూపించి, నవ్వుతూనే వెనక్కి ఇచ్చేసింది. "అది అమెరికా వాళ్ళిచ్చిన నోటే కదండీ, నేను గీసిందా?" అని వదిన గొణుక్కున్నారు. ఇంకో చోట తీసుకున్నారు గానీ రేటు తగ్గించారు. అప్పట్లో రూపాయికి ఇరవై ఛాట్ల చిల్లర వచ్చేది.

రంగూన్‌లో ష్వేడగాన్ ఒక్కటి చాలు, ఆ ఊరు వెళ్ళినందుకు. 99 మీటర్ల ఎత్తున్న బంగారు స్తూపం, విదేశీయులకి టికెట్టు 10,000 ఛాట్లు, అంటే మన ఐదొందలు. చెప్పులు మెట్ల కిందే వదలాలి, సాక్సులు కూడా వేసుకోకూడదు. లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఉన్నాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళకి భయం లేదు. మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి, పాలరాయి అట్లపెనమే. తెల్లవారకముందే తెరుస్తారు, అప్పుడైనా వెళ్ళాలి, లేదా సాయంత్రం ఐదింటికి వెళ్ళి దీపాలు పెట్టేదాకా కూర్చోవాలి.

స్తూపం చుట్టూ వారాలకి ఒక్కో మూల ఉంది. మీరు పుట్టిన వారం దగ్గర బుద్ధుడి మీద చిన్న గిన్నెతో నీళ్ళు పోస్తారు. వారాలు ఏడైతే మూలలు ఎనిమిది, ఎందుకంటే బుధవారాన్ని రెండు ముక్కలు చేశారు: పొద్దుటివాళ్ళకి దంతాలున్న ఏనుగు, సాయంత్రం పుట్టినవాళ్ళకి దంతాల్లేని ఏనుగు, అది రాహువుది. వదిన బుధవారమే. పొద్దునో సాయంత్రమో తెలీదు. అన్నయ్య ఇంటికి ఫోన్ చేసి అడుగుదామన్నాడు. "మా అమ్మకే గుర్తుండదు, నలుగురు పిల్లల తల్లి" అని ఆవిడ రెండు మూలల్లోనూ నీళ్ళు పోసి వచ్చారు. చీకటి పడ్డాక ఒక పెద్దాయన మమ్మల్ని చెయ్యి పట్టి ఒక రాయి మీద నిలబెట్టి పైకి చూడమన్నాడు. శిఖరాన 76 క్యారెట్ల వజ్రం ఉంది. అక్కడ నుంచుంటే ఎర్రగా, రెండడుగులు పక్కకి జరిగితే ఆకుపచ్చగా మెరిసింది. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. ఈ దేశంలో ఇలాంటివాళ్ళు చాలామంది తగిలారు.

డౌన్‌టౌన్‌లో బస చేయడం మంచిది. సూలే పగోడా, 1926 నాటి బోజో మార్కెట్టు, తమిళులు కట్టిన కాళీ గుడి, అన్నీ నడిచేంత దూరం. బహదూర్ షా జఫర్ సమాధికి మాత్రం టాక్సీ కావాలి. ఢిల్లీ ఆఖరి బాదుషా 1862లో ఇక్కడే బందీగా పోయాడు. అసలు గోరీ ఎక్కడుందో 1991లో కాలువ తవ్వుతుంటే గానీ బయటపడలేదు. ఊరి చుట్టూ తిరిగే లోకల్ రైలు 200 ఛాట్లు, పది రూపాయలు. మూడు గంటలు పడుతుంది. మేం సగంలోనే దిగిపోయాం, జనం దాన్ని మరీ ఎక్కువ మెచ్చుకుంటున్నారనిపించింది నాకు. పెట్టెల్లో కూరగాయల గంపలు చూడ్డానికి మనం రంగూన్ దాకా వెళ్ళక్కర్లేదు.

టీ కొట్లు మాత్రం వదలకండి. చిన్న పీటలు, పాలు గట్టిగా వేసిన టీ, సమోసా, పరోటా. మన దోసెని 'తోషే' అని అమ్ముతారు. ఒక కొట్లో మేం మాట్లాడుకుంటుంటే పక్క బల్ల నుంచి "ఏ ఊరు బాబూ మీది?" అని అచ్చం శ్రీకాకుళం యాసలో వినబడింది. డెబ్బై దాటిన మనిషి, లుంగీ, నోట్లో కిళ్ళీ. ఇక్కడే పుట్టాడట, ఇండియా ఎప్పుడూ చూడలేదట. తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. మనవలకి మాట్లాడ్డం కూడా రాదన్నాడు. "టెక్కలి కాడ మా వోళ్ళు ఉండాల" అన్నాడు గానీ ఇంటిపేరు తప్ప వేరే ఆనవాలు ఆయన దగ్గర లేదు. మా టీల డబ్బులు కూడా ఆయనే ఇచ్చేశాడు.

బగాన్‌కి రాత్రి బస్సు. ఈ దేశంలో సేవల్లో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఈ బస్సులే. విఐపి అని రాసుంటే నిజంగానే విఐపి: వరసకి మూడే సీట్లు, కంబళి, నీళ్ళు, పళ్ళు తోముకునే బ్రష్షు కూడా ఇచ్చారు. ఏసీ మాత్రం చంపేస్తుంది, స్వెట్టరు చేతిలోనే ఉంచుకోండి. బస్టాండు ఊరికి చాలా దూరం, సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర ముందు బయల్దేరాలి. తెల్లవారుజామున బగాన్ పక్కనున్న న్యాంగ్ ఊలో దింపాక టాక్సీవాళ్ళు అడిగిన రేటుకి నిద్రమత్తు వదిలిపోయింది. హోటల్‌కి ముందే చెప్పి బండి పంపమనడం నయం.

బగాన్ మైదానంలో పదకొండు నుంచి పదమూడో శతాబ్దం దాకా కట్టిన గుళ్ళూ స్తూపాలూ రెండు వేలకి పైగా నిలిచి ఉన్నాయి. 2019లో యునెస్కో జాబితాలో చేరింది. టికెట్టు 25,000 ఛాట్లు, కొన్ని రోజులు చెల్లుతుంది. చెల్లినన్ని రోజులూ వాడుకోవాలన్నదే నా సలహా. విదేశీయులకి మోటార్ సైకిళ్ళు అద్దెకివ్వరు, ఇ-బైకులిస్తారు, రోజుకి ఆరేడు వేల ఛాట్లు. ఇసక దారుల్లో జారుతుంది, మా ఆవిడ రెండుసార్లు మెల్లగా కూలబడింది. బ్యాటరీ అయిపోతే ఫోన్ చేస్తే ఇంకో బండి తెచ్చిచ్చారు, పైసా అడగలేదు.

2016 ఆగస్టు భూకంపం తర్వాత గుళ్ళు ఎక్కడం ఆపేశారు. సూర్యోదయం ఫోటోల కోసం వచ్చేవాళ్ళకి ఇది నిరాశే. బదులుగా కట్టిన మట్టి దిబ్బల మీద తెల్లవారకముందే జనం ఎగబడతారు. బెలూన్ మనిషికి మూడొందల డాలర్ల పైమాటే, మేం కిందనుంచే చూశాం. నన్నడిగితే బగాన్ అందం పైనుంచి కాదు, లోపల ఉంది. ఆనంద గుడిలో నిలువెత్తు బుద్ధుడి ముఖం దగ్గర నుంచి చూస్తే గంభీరంగా, వెనక్కి నడిచేకొద్దీ నవ్వుతున్నట్టు ఉంటుంది. ఈ గుడి మరమ్మతుల్లో మన పురావస్తు శాఖ చెయ్యి కూడా ఉంది. మ్యింకబా ఊళ్ళో 1113 నాటి గుబ్యౌజీ గుడిలో గోడలనిండా జాతక కథల బొమ్మలు. ఫోటోలు నిషేధం, టార్చి తప్పనిసరి. ఆ పక్కనే మ్యజేది శాసనం, ఒకే రాయి మీద పాళీ, మోన్, ప్యూ, బర్మీస్ నాలుగు భాషలు. బర్మా గుండ్రటి అక్షరాలు చూస్తే తెలుగు కంటికి చదివెయ్యగలం అనిపిస్తుంది, ఒక్క ముక్క రాదు. విష్ణువు గుడి నత్‌లౌంగ్ చాంగ్‌కి టూరు బస్సులు ఆగవు, మీరు ఆగండి.

పేరులేని చిన్న గుళ్ళు చాలావాటికి తాళాలుంటాయి. బయట కాసేపు నిలబడితే పక్క పొలం నుంచి ఎవరో ఒకరు తాళంచెవి పట్టుకొస్తారు. మాకు వచ్చినావిడ బుగ్గలకి తనకా అనే చెట్టు బెరడు పూత పూసుకుని, ఒక చేతిలో కొడవలి, ఒక చేతిలో తాళాలగుత్తి. లోపల టార్చి వేసి ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చూపించింది. బయటికొచ్చాక, గుడ్డకి ఇసుక అతికించి దానిమీద గీసిన బొమ్మలు పరిచింది, వేసింది మా తమ్ముడే అంది. పొద్దుట ఇంకో గుడి దగ్గర కుర్రాడూ అవే బొమ్మలు, వేసింది నేనే అన్నాడు. అయినా ఒకటి కొన్నాం.

బస పాత బగాన్‌లో ఖరీదు. 1990లో అక్కడి జనాన్ని ఖాళీ చేయించి కట్టిన న్యూ బగాన్‌లో 35 డాలర్లకి శుభ్రమైన గది, టిఫినుతో సహా దొరికింది. పోపా కొండకి వెళ్ళే దారిలో తాటిచెట్లు, వేరుశెనగ, నువ్వులు, ఎద్దు గానుగ; విదేశీయులు దిగి ఫోటోలు తీసుకుంటారు. తాటిబెల్లం ఉండలు మాత్రం కొనండి. కొండ మీద 777 మెట్లు, నాట్ దేవతలు, చేతిలోది లాక్కునే కోతులు. అరపూట పని.

మాండలే ఊరు దుమ్మూ ట్రాఫిక్కూ. కోట లోపల చాలా భాగం సైన్యానిదే, రాజభవనం 1990ల్లో మళ్ళీ కట్టింది. కుథోడా పగోడాలో త్రిపిటకం చెక్కిన 729 పాలరాతి పలకలు చూడదగ్గవి. బంగారు రేకులు సాగగొట్టే చోట పనివాళ్ళు సమయం కొలవడానికి నీళ్ళ తొట్టిలో చిల్లున్న కొబ్బరి చిప్ప వేస్తారు, అది మునిగితే ఒక విడత అయినట్టు. ఆ రేకులు వెళ్ళేది మహాముని బుద్ధుడి ఒంటికి. మగవాళ్ళు దగ్గరికెళ్ళి అంటించొచ్చు, ఆడవాళ్ళు బయట కూర్చుని టీవీలో చూడాలి. "మీరు వెళ్ళిరండి, నాకు టీవీ ఇంట్లోనే ఉంది" అని వదిన చెప్పుల దగ్గరే ఉండిపోయారు. పక్కనే ఉన్న అమరపురలో సన్యాసుల భోజనాల వరస చూపిస్తామని తీసుకెళ్తారు. పాత్ర పట్టుకు నిలబడ్డ పిల్లల ముఖాల్లో కెమెరాలు పెడుతున్నారు, మేం వెంటనే వచ్చేశాం. పక్కనే 1.2 కిలోమీటర్ల యూ బేన్ టేకు వంతెన ఉంది, సాయంత్రం తిరునాళ్ళు, తెల్లారగట్ల వెళ్ళండి. 2025 భూకంపంలో మహాముని గుడి, కోట గోడలు దెబ్బతిన్నాయి, సగైంగ్ వెళ్ళే పాత ఆవా వంతెన కూలిపోయింది.

ఇన్లేలో చలి. సరస్సు మీద కట్టిన రిసార్టులో ఒక రాత్రి ఉన్నాం: వేడినీళ్ళు రాలేదు, చెప్తే ఫ్లాస్కు తెచ్చిచ్చారు. రాత్రి భోజనానికి వేరే దిక్కు లేదు కాబట్టి మెనూలో వాళ్ళు రాసిందే ధర. మర్నాడే న్యాంగ్ ష్వే ఊళ్ళోకి మారిపోయి సగం డబ్బుకే హాయిగా ఉన్నాం. పడవ రోజుకి ఇరవై వేల ఛాట్ల లోపు, ఇంజను మోతకి చెవుల్లో దూది పెట్టుకోండి. కాలితో తెడ్డు వేసే జాలర్లని చూస్తామా, ముందు కనిపించేవాళ్ళు చేపలు పట్టరు, పోజులిచ్చి డబ్బులడుగుతారు. ఆపై వెండి దుకాణం, చుట్టల దుకాణం, నేత దుకాణం. మెడకి ఇత్తడి కడియాలున్న కయాన్ తెగ ఆడవాళ్ళని దుకాణంలో కూర్చోబెట్టి చూపించడం నాకు నచ్చలేదు. తామర తూళ్ళ నుంచి దారం లాగే నేత మాత్రం కళ్ళారా చూడాలి. విరిచిన తూటిలోంచి వచ్చే సాలెగూడు పోగుల్ని తడిబల్ల మీద అరచేత్తో దొర్లించి కలుపుతారు. నీళ్ళమీద తేలే టమాటా తోటలు కూడా అసలు సరుకే. పడవవాడితో పొద్దున్నే "దుకాణాలు వద్దు" అని చెప్పి, తోటలకీ ఇందైన్ స్తూపాలకీ తీసుకెళ్ళమంటే రోజు దక్కుతుంది.

తిండి సంగతి. శాకాహారులు 'తత్ తత్ లుత్' అన్న మాట కాగితం మీద బర్మీస్‌లో రాయించుకోండి. అయినా ఎండు రొయ్యల పొడి ఎక్కడో ఒకచోట పడుతుంది, చేప పులుసుతో చేసే మొహింగా జోలికి అసలు పోవద్దు. వదిన షాన్ నూడుల్స్, శనగపిండితో చేసే షాన్ తోఫు, టీ ఆకుల సలాడ్‌తో గడిపేశారు, సలాడ్‌లో రొయ్యలు వద్దని ముందే చెప్పాలి. మిగతా ముగ్గురం మొహింగా రోజూ తిన్నాం.

ఇప్పుడు వెళ్ళాలనుకునేవాళ్ళకి: మేం రాత్రి బస్సుల్లో తిరిగిన దారుల్లో ఇవాళ అలా తిరగమని నేనెవరికీ చెప్పను. మన విదేశాంగ శాఖ హెచ్చరికలు చూడండి, తప్పనిసరిగా వెళ్ళాల్సివస్తే రంగూన్, బగాన్ రెండింటితో సరిపెట్టుకుని మధ్యలో విమానమెక్కండి. డాలర్లు మాత్రం పుస్తకంలో పెట్టి పట్టుకెళ్ళండి.