వైఫై 7 వదిలేసి వైఫై 6 రౌటర్ తీసుకున్నా, రెండు నెలలు వాడాక రాస్తున్నా

పాత రౌటర్ వైఫై 5ది, చాలా ఏళ్లు బానే పనిచేసింది, ఈమధ్య రోజుకి రెండుసార్లు ఆపి ఆన్ చేస్తే గానీ నెట్ వచ్చేది కాదు. అయినా మార్చింది అందుక్కాదు. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయిందని తెలిసాక నిజంగా భయమేసింది, ఇంట్లో అందరి ఫోన్లూ బ్యాంకు లాగిన్లూ అన్నీ దాని మీదుగానే కదా వెళ్లేది.

కొత్తది చూద్దామని కూర్చుంటే నంబర్ల దగ్గరే తల తిరిగింది. 2018లో వైఫై అలయన్స్ (వైఫై కంపెనీల సంఘం) వాళ్లు 802.11ఏసీ, 802.11ఏఎక్స్ లాంటి టెక్నికల్ పేర్లు ఎవరికీ గుర్తుండవని వైఫై 5, వైఫై 6 అని పేర్లు పెట్టారు, మంచి పనే, కానీ బాక్స్ మీద ఏఎక్స్3000 అని ఇంకో నంబర్ ఉంటుంది చూశారా, అది మీకు వచ్చే స్పీడ్ కాదండీ. రౌటర్‌కి రెండు బ్యాండ్లు, అంటే రెండు రేడియో దారులు ఉంటాయి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 574 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్‌లో 2402, రెండూ కూడి కాస్త పైకి జరిపి 3000 అంటారు. వైఫై 6 ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది, పైగా ఆ 2402 రావాలంటే ఫోన్‌కి కూడా 160 మెగాహెర్ట్జ్ ఛానెల్ (ఆ దారి వెడల్పు అనుకోండి) సపోర్ట్ ఉండాలి, 80 వరకే ఉన్న ఫోన్లయితే 1201, అదీ లింక్ రేటే, అంటే ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య కాగితం మీది స్పీడే, చేతికి అందేది ఇంకా తక్కువ.

వైఫై 7 మంచిదే, కాదనను. 2024 జనవరిలో సర్టిఫికేషన్ మొదలైంది, రెండు బ్యాండ్లని కలిపి వాడుకునే ఎంఎల్ఓ ఉంది, 320 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు ఉన్నాయి. కానీ ఆ 320 అనేది 6 గిగాహెర్ట్జ్‌లోనే దొరుకుతుంది, తక్కువ రేటు వైఫై 7 రౌటర్లు చాలావాటిలో ఆ బ్యాండే లేదు! బాక్స్ మీద బీఈ3600 అని కనిపించే వైఫై 7 రౌటర్లు 2.4, 5 రెండు బ్యాండ్లవే. ఇది తెలీక కొనేవాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది. 6 గిగాహెర్ట్జ్ ఉన్నది కొన్నా గోడలు దాటడంలో అది 5 కన్నా వీకే, మా ఇంట్లో దాన్ని పట్టుకోగల ఫోన్ ఒక్కటీ లేదు, నెట్ ప్లాన్ చూస్తే 300 ఎంబీపీఎస్. అందుకే ఏఎక్స్3000.

ఇప్పుడు పక్క గదిలో కూడా ప్లాన్ స్పీడ్ దాదాపు మొత్తం వస్తోంది. సాయంత్రం అందరూ ఒకేసారి వీడియోలు పెట్టినా ఆగట్లేదు, అసలు తేడా అక్కడే కనిపించింది. నిజం చెప్పాలంటే సగం క్రెడిట్ చోటుది, టీవీ వెనక మూలన ఉన్నదాన్ని ఇంటి మధ్యలో అల్మారా పైకి మార్చా. రౌటర్ కొనేముందు ఒకసారి చోటు మార్చి చూడండి, ఖర్చు లేని పని.

ఇబ్బంది పడింది ఒక్కచోట. సెక్యూరిటీ బాగుంటుందని వైఫైకి తాళం లాంటి సెట్టింగ్‌లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఆన్ చేశా, పాత ప్రింటర్, స్మార్ట్ ప్లగ్గులు కనెక్ట్ అవ్వనే లేదు, ఒక పూటంతా ప్రింటర్ పాడైందనే అనుకున్నా. దానికన్నా పాతదైన డబ్ల్యూపీఏ2 కూడా కలిసిన మోడ్ పెడితే ప్రింటర్ వచ్చేసింది. ప్లగ్గులకి 2.4 తప్ప వేరే బ్యాండ్ తెలీదు, వాటికోసం వేరే పేరుతో 2.4 నెట్‌వర్క్ పెట్టాల్సి వచ్చింది.

పోర్టులన్నీ 1 గిగాబిట్ వే, అంతకన్నా పెద్ద ప్లాన్ ఉన్నవాళ్లు 2.5 గిగాబిట్ పోర్టు ఉన్నదే చూస్కోండి. నేను 5కి 4 ఇస్తున్నా. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో బాక్స్ మీద గానీ లోపలి పుస్తకంలో గానీ ఎక్కడా రాయలేదు, నేను పాతది మార్చిందే అందుకు.